అలాస్కా గ్లేసియర్ క్రూజ్: ఏ రూట్ తీసుకోవాలో ఎలా తేల్చుకోవాలి

పిల్లలు అమెరికాలో ఉన్న హైదరాబాద్ ఇళ్లలో ఈమధ్య అలాస్కా మాట బాగా వినిపిస్తోంది. కొడుకో కూతురో సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లోనో బెల్‌వ్యూలోనో ఉంటారు, అమ్మానాన్నలు మే ఎండలు తప్పించుకుని అక్కడికి వెళ్తారు, "ఎలాగూ వచ్చారు కదా, ఒక వారం క్రూజ్‌కి వెళ్దాం" అని పిల్లలు అంటారు. అక్కడి నుంచే తికమక మొదలు. ఏ సైట్ తెరిచినా "7 రాత్రులు అలాస్కా" అనే ఉంటుంది, అన్నిట్లో అదే నీలం మంచు గోడ ఫోటో, ధరల్లో మాత్రం ఎక్కడా పొంతన ఉండదు.

చాలామంది ఓడ ఎంత పెద్దది, అందులో ఎన్ని రెస్టారెంట్లు ఉన్నాయి, పిల్లలకి వాటర్ స్లైడ్ ఉందా అని చూసి డబ్బు కట్టేస్తారు. అవి కరీబియన్ వెళ్లేటప్పుడు చూసుకోండి. అలాస్కాకి అంత దూరం, అంత ఖర్చు పెట్టుకుని వెళ్లేది గ్లేసియర్ కోసం, అంటే సముద్రంలోకి దిగి విరిగిపడే హిమానీనదం కోసం. కాబట్టి ఏ ఐటినరరీ (ఏ రోజు ఎక్కడ అని చెప్పే ప్రయాణ పట్టిక) చేతికొచ్చినా ముందు గ్లేసియర్ ఏ రోజు, ఏ గ్లేసియర్, దాని ముందు ఎన్ని గంటలు అన్నది వెతకండి. మిగతావన్నీ దాని తర్వాతే. అయితే మన పాస్‌పోర్ట్‌తో వెళ్లేవాళ్లకి దానికంటే ముందు ఇంకో గడప దాటాల్సి ఉంటుంది.

ముందుగా వీసాలు సరిచూసుకోండి

సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగుతాం, అలాస్కా కూడా అమెరికానే, కాబట్టి అమెరికా వీసా చాలు అనుకుంటారు. చాలదు. 1886 నాటి ఒక అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండాతో తిరిగే ఓడ అమెరికాలో ప్రయాణికుల్ని ఎక్కించుకుని, ఇంకే దేశపు రేవూ తాకకుండా అమెరికాలోనే తిప్పి దింపడానికి వీల్లేదు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, బెర్ముడా, నెదర్లాండ్స్ లాంటి చోట్ల రిజిస్టర్ అయినవే. అందుకే సియాటిల్ నుంచి బయల్దేరే ప్రతి అలాస్కా క్రూజ్‌లోనూ కెనడా రేవు ఒకటి ఉంటుంది, ఎక్కువగా అది విక్టోరియా. చివరి రోజు సాయంత్రం ఓడ అక్కడ నాలుగైదు గంటలు ఆగుతుంది.

ఆ కాసేపటి కోసం భారతీయ పాస్‌పోర్ట్‌కి కెనడా విజిటర్ వీసా కావాలి. "మేం దిగం, క్యాబిన్‌లోనే కూర్చుంటాం" అంటే కుదరదు, చెకిన్ కౌంటర్‌లోనే అడుగుతారు, లేకపోతే ఓడ ఎక్కనివ్వరు. పైగా విక్టోరియా వెళ్లి వస్తే అమెరికాలోకి మళ్లీ ప్రవేశించినట్టే లెక్క కాబట్టి అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. మనవాళ్లకి సాధారణంగా వచ్చే పదేళ్ల బీ1/బీ2 విజిటర్ వీసా అలాంటిదే. కెనడాలోని వ్యాంకోవర్‌లో ఎక్కి వ్యాంకోవర్‌లోనే దిగే రూట్ అయితే కెనడా వీసా కూడా మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో స్టాంప్ మీద చదివి చూసుకోండి.

ఇంట్లో అందరి పరిస్థితీ ఒకేలా ఉండదు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి కెనడా వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్, కార్డ్ వెంట ఉంటే చాలు. హెచ్1బీ మీదో ఎఫ్1 మీదో ఉన్న పిల్లలు మాత్రం తమ పాస్‌పోర్ట్‌లో స్టాంపింగ్ గడువు చూసుకోవాలి. ఐ-797 (అమెరికా ఇమిగ్రేషన్ ఇచ్చే ఆమోద పత్రం) చేతిలో ఉంది కదా అని ధీమాగా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు ఇరుక్కోకూడదు. స్టాంప్ గడువు దాటి ఉంటే కంపెనీ ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే టికెట్ తీయండి. అమ్మానాన్నల వీసాల గురించి పది సార్లు అడిగి తమ స్టాంప్ సంగతి మర్చిపోయే పిల్లలు చాలామందే ఉన్నారు.

హైదరాబాద్ నుంచి అయితే అమెరికా ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. కెనడాకి ఆన్‌లైన్‌లో అప్లై చేసి, వీసా దరఖాస్తుల పని చూసే వీఎఫ్ఎస్ సెంటర్‌లో వేలిముద్రలు ఇవ్వాలి. రెండూ చేతికొచ్చేదాకా వెనక్కి రాని డబ్బు ఎక్కడా కట్టకండి. క్రూజ్‌కి ముందు డిపాజిట్ మాత్రం కట్టి, పూర్తి మొత్తం ప్రయాణానికి సుమారు మూడు నెలల ముందు కట్టే పద్ధతి మామూలుగా ఉంటుంది. ఆ డిపాజిట్ వెనక్కి వచ్చేదా కాదా అని అడిగి, రాసి ఇప్పించుకోండి. తక్కువ రేటు అని చూపించేవాటిలో చాలావరకు డిపాజిట్ తిరిగిరాదు.

కెనడా వీసా వచ్చేలా లేదు, టైం లేదు అంటే అలాస్కా మానుకోనక్కర్లేదు. సియాటిల్ నుంచి అలాస్కాలోని యాంకరేజ్‌కి విమానంలో మూడున్నర గంటలు. అక్కడి నుంచి విట్టియర్‌కో సీవార్డ్‌కో వెళ్తే పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చే గ్లేసియర్ బోట్లు ఉంటాయి. విట్టియర్ వైపు ప్రిన్స్ విలియం సౌండ్, సీవార్డ్ వైపు కినాయ్ ఫ్యోర్డ్స్ నేషనల్ పార్క్ (ఫ్యోర్డ్ అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ). చిన్న బోట్లు కాబట్టి పెద్ద ఓడ కంటే మంచుకి దగ్గరగా తీసుకెళ్తాయి. ఇందులో కెనడా గొడవే లేదు. అమెరికా జెండాతో తిరిగే చిన్న ఓడల కంపెనీలు కూడా ఉన్నాయి, అన్‌క్రూజ్, అమెరికన్ క్రూజ్ లైన్స్ లాంటివి. అలాస్కా రాజధాని జూనో నుంచి ఎక్కిస్తాయి, చాలా బాగుంటాయి, కాని ధర మాత్రం పెద్ద ఓడకి కొన్ని రెట్లు ఉంటుంది.

తర్వాత ప్రయాణం ఏ ఆకారంలో ఉండాలో తేల్చుకోండి

మ్యాప్ ఒకటి తెరిచి పక్కన పెట్టుకోండి. ఎన్ని కంపెనీలు ఉన్నా, మీకు దొరికే రూట్లు మూడే మూడు రకాలు.

సియాటిల్ నుంచి వెళ్లి సియాటిల్‌కే వచ్చేది మనవాళ్లకి అన్నిటికంటే సులువు. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో ఒక్క స్టాప్‌తో సియాటిల్ చేరొచ్చు, పిల్లలు అక్కడే ఉంటే హోటల్ ఖర్చు కూడా ఉండదు. అయితే ఇందులో మైనస్ ఏమిటంటే, సియాటిల్ ఓడలు ఎక్కువగా వ్యాంకోవర్ ద్వీపానికి బయటి వైపు నుంచి, అంటే పసిఫిక్ సముద్రం మీదుగా పోతాయి. పైకి వెళ్లేటప్పుడు ఒక రోజు, కిందికి వచ్చేటప్పుడు ఒక రోజు నీళ్లు తప్ప ఏమీ కనపడదు, ఊపు కూడా ఉంటుంది. కదిలే బస్సులో కూడా కడుపులో తిప్పే పెద్దవాళ్లు ఉంటే ఇది ఆలోచించుకోవాల్సిన విషయమే.

వ్యాంకోవర్ నుంచి వెళ్లి వ్యాంకోవర్‌కే వచ్చేది ద్వీపానికి లోపలి వైపున, రెండు పక్కలా కొండలూ అడవులూ ఉన్న ఇరుకు నీటి దారిలో పోతుంది. దాన్నే ఇన్‌సైడ్ ప్యాసేజ్ అంటారు. కంపెనీలన్నీ ఆ పేరు వాడుకుంటాయి గానీ, బయల్దేరిన మొదటి రోజు నుంచే ఆ దృశ్యం కావాలంటే వ్యాంకోవర్‌లో ఎక్కాలి. నీళ్లు చెరువులా ఉంటాయి, డెక్ మీద కుర్చీ వేసుకుని కూర్చుంటే పొద్దు తెలియదు. మొదటిసారి ఓడ ఎక్కే అమ్మానాన్నలకి నేను ఇదే చెబుతాను.

మూడోది వన్ వే. వ్యాంకోవర్‌లో ఎక్కి పైన విట్టియర్‌లోనో సీవార్డ్‌లోనో దిగడం, లేదా అక్కడ ఎక్కి కిందికి రావడం. ఏడు రోజుల్లో వెనక్కి తిరిగి రావక్కర్లేదు కాబట్టి ఓడ ఇంకా ఉత్తరానికి వెళ్తుంది, గ్లేసియర్ రోజులు రెండు దొరికే అవకాశం ఎక్కువగా దీనిలోనే. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా ఓడలు విట్టియర్‌లో, రాయల్ కరీబియన్, సెలెబ్రిటీ ఓడలు సీవార్డ్‌లో ఆగుతుంటాయి. విట్టియర్ నుంచి యాంకరేజ్ సుమారు 100 కిలోమీటర్లు, మధ్యలో నాలుగు కిలోమీటర్ల సొరంగం ఉంటుంది, ఒకే లేన్, అందులోనే రైలూ కార్లూ వంతులవారీగా వెళ్తాయి. సీవార్డ్ అయితే 200 కిలోమీటర్లు. దిగిన రోజు సాయంత్రానికే యాంకరేజ్ నుంచి విమానం పెట్టుకుంటే, గంటలు గట్టిగా లెక్క వేసుకోండి. వీలుంటే అక్కడ రెండు మూడు రోజులు ఉండి రైల్లో డెనాలి వెళ్లి రండి, 6,190 మీటర్ల పర్వతం, ఉత్తర అమెరికాలో అన్నిటికంటే ఎత్తయినది. మబ్బు లేకపోతేనే కనపడుతుంది, అది మాత్రం ఎవరి చేతిలోనూ లేదు.

వన్ వేలో ఖర్చు పెరిగేది విమానాల దగ్గర. ఒక ఊరికి వెళ్లి ఇంకో ఊరి నుంచి తిరిగి రావాలి, యాంకరేజ్ నుంచి సియాటిల్ టికెట్ అదనం. క్రూజ్ ధర తక్కువ కనిపించినా మొత్తం కలిపి చూస్తే సియాటిల్ రౌండ్ ట్రిప్ కంటే పైకి పోతుంది. అయినా గ్లేసియర్ కోసమే వెళ్తున్నవాళ్లు, ఓపిక ఉన్నవాళ్లు, మళ్లీ వెళ్లే అవకాశం రాదనుకునేవాళ్లు ఇదే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు అసలు సంగతి: ఏ గ్లేసియర్

ఐటినరరీ పట్టికలో "గ్లేసియర్ వ్యూయింగ్" అనో "సీనిక్ క్రూజింగ్" అనో రాసి ఉన్న లైన్ కోసం వెతకండి. పేరు లేకుండా ఉత్త "గ్లేసియర్ వ్యూయింగ్" అని ఉంటే ఏజెంట్‌ని పేరు అడగండి. గ్లేసియర్ మారితే ఆ రోజు తీరే మారిపోతుంది.

గ్లేసియర్ బే నేషనల్ పార్క్ అయితే ఆ రోజు ఓడ ఏ ఊరిలోనూ ఆగదు, రోజంతా పార్క్‌లోనే. పార్క్ రేంజర్లు చిన్న బోట్‌లో వచ్చి ఓడ ఎక్కుతారు, కనిపించేవన్నీ మైక్‌లో వివరిస్తారు, పిల్లలతో కూర్చుని మాట్లాడతారు. ఒక రోజుకి రెండు పెద్ద క్రూజ్ ఓడల్ని మాత్రమే లోపలికి రానిస్తారు కాబట్టి జనం తొక్కిడి ఉండదు. 1794లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ వ్యాంకోవర్ మనుషులు వచ్చినప్పుడు ఈ బే (అఖాతం) దాదాపు మొత్తం మంచుతో నిండి ఉంది, ముఖద్వారం దగ్గరే గోడలా నిలబడి ఉంది. 1879లో ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ వచ్చేసరికి అది 40 మైళ్లకు పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు సముద్రాన్ని తాకే గ్లేసియర్లు చూడాలంటే ముఖద్వారం నుంచి 65 మైళ్లు లోపలికి వెళ్లాలి. ఆ పొడవంతా మీరు ఓడలో పోతూ, మొదట దట్టమైన అడవి, తర్వాత పొదలు, తర్వాత ఉత్త రాయి, చివర్లో మంచు చూస్తారు. రెండు వందల ఏళ్లలో భూమి మీద ఏం జరిగిందో ఒక్క పూటలో కళ్ల ముందు పరిచినట్టు ఉంటుంది. ఇలాంటి రోజు ఇంకే రూట్‌లోనూ లేదు. చివర్లో మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ ఆగి నెమ్మదిగా తిరుగుతుంది, సుమారు మైలు వెడల్పు గోడ, ముక్కలు విరిగి నీళ్లలో పడుతుంటే ఉరుములా వినిపిస్తుంది. పక్కనే జాన్స్ హాప్కిన్స్ గ్లేసియర్ ఉంది గానీ సీల్ జంతువులు పిల్లల్ని కని పెంచే కాలం కాబట్టి మే నుంచి ఆగస్టు దాకా క్రూజ్ ఓడల్ని ఆ పాయలోకి వెళ్లనివ్వరు.

ఇక్కడికి వెళ్లడానికి పర్మిట్ కావాలి. హాలండ్ అమెరికా, ప్రిన్సెస్, నార్వేజియన్ ఓడలు ఎక్కువగా వెళ్తాయి, రాయల్ కరీబియన్, సెలెబ్రిటీ ఓడల రూట్లలో ఇది ఉండదు. అలాగని కంపెనీ పేరు చూసి నమ్మేయకండి, ఒకే కంపెనీలో ఒక ఓడ గ్లేసియర్ బేకి పోతే ఇంకో ఓడ వేరే చోటికి పోతుంది. తేదీ, ఓడ పేరు, ఆ రోజు లైన్ మూడూ కలిపి చూడాలి.

హబ్బర్డ్ గ్లేసియర్ ఇంకో రకం. ఉత్తర అమెరికాలో సముద్రాన్ని తాకే గ్లేసియర్లలో ఇదే అతి పెద్దది, పొడవు 122 కిలోమీటర్లు, నీటి అంచున గోడ వెడల్పు సుమారు 10 కిలోమీటర్లు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర మొదలుపెడితే అమీర్‌పేట కూడా దాటిపోయేంత గోడ అనుకోండి. అలాస్కాలో చాలా గ్లేసియర్లు కరిగి వెనక్కి పోతుంటే ఇది ముందుకి వస్తోంది, 1986లో, మళ్లీ 2002లో పక్కనున్న రస్సెల్ ఫ్యోర్డ్ మూతిని మూసేసి దాన్ని సరస్సుగా మార్చేసింది కూడా. చూడటానికి గ్లేసియర్ బే కంటే పెద్దది, కాని దగ్గర గడిపేది కొన్ని గంటలే, రేంజర్లు ఉండరు. నీళ్లలో మంచు దిమ్మలు ఎక్కువగా ఉంటే కెప్టెన్ దూరంగానే ఆపేస్తాడు. సీజన్ మొదట్లో ఆ బెడద ఎక్కువ.

ట్రేసీ ఆర్మ్, ఎండికాట్ ఆర్మ్ రెండూ జూనోకి దక్షిణంగా ఉన్న సన్నటి లోయల్లాంటి సముద్రపు పాయలు. నిటారు కొండలు, వాటి మీంచి దూకే జలపాతాలు, మధ్యలో ఇరుగ్గా ఓడ. ట్రేసీ ఆర్మ్‌లో 2025 ఆగస్టులో సాయర్ గ్లేసియర్ దగ్గర కొండ విరిగిపడి పెద్ద అలలు లేచాయి. ఆ తర్వాత కంపెనీలు ఎండికాట్ ఆర్మ్ వైపు మళ్లాయి, అక్కడ డాస్ గ్లేసియర్ ఉంటుంది. పాత వ్లాగ్‌లో ట్రేసీ ఆర్మ్ చూసి అదే కావాలనుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోండి. ఈ రకం రూట్‌లో జాగ్రత్తగా చూడాల్సింది టైం. చాలా ఓడలు పొద్దున ఎండికాట్ ఆర్మ్‌లో కొంతసేపు ఉండి మధ్యాహ్నానికి జూనో చేరతాయి, అంటే గ్లేసియరూ సగం రోజే, జూనో కూడా సగం రోజే. మంచు అడ్డం వస్తే పెద్ద ఓడ గ్లేసియర్ కనిపించే మలుపు దాకా కూడా వెళ్లలేకపోవచ్చు. ఓడ నుంచి చిన్న బోట్‌లోకి ఎక్కించుకుని లోపలికి తీసుకెళ్లే టూర్ కొన్ని కంపెనీలు అమ్ముతాయి. ఈ రూట్ తీసుకుంటే దానికి డబ్బు పక్కన పెట్టుకోండి.

కాలేజ్ ఫ్యోర్డ్ వన్ వే రూట్లలో కొన్నిట్లో వస్తుంది. 1899లో వచ్చిన ఒక శాస్త్రవేత్తల బృందం అక్కడి గ్లేసియర్లకి హార్వర్డ్, యేల్ అంటూ కాలేజీల పేర్లు పెట్టింది, ఒకే చూపులో చాలా గ్లేసియర్లు కనిపిస్తాయి. గ్లేసియర్ బే, కాలేజ్ ఫ్యోర్డ్ రెండూ ఉన్న వన్ వే దొరికితే ఇంక వెతకడం ఆపేయొచ్చు.

సియాటిల్ నుంచే వెళ్లాలి, కాని గ్లేసియర్ బే కావాలి అంటే అదీ దొరుకుతుంది, కాకపోతే ఓడలు తక్కువ, ముందే నిండిపోతాయి.

రేవుల పక్కన రాసిన గంటలు చదవండి

నాలుగు ఊళ్లు ఉన్న రూట్ మూడు ఊళ్లు ఉన్నదాని కంటే గొప్పదని కాదు. ప్రతి ఊరి పక్కన ఓడ వచ్చే టైం, పోయే టైం ఉంటాయి, పోయే టైంకి కనీసం అరగంట ముందే అందరూ ఓడలో ఉండాలి. సియాటిల్ రూట్లలో అలాస్కా రేవు కెచికన్‌లో పొద్దున ఏడుకి ఆగి మధ్యాహ్నం ఒంటిగంటకే బయల్దేరే షెడ్యూళ్లు ఉంటాయి. అందులో దిగడానికీ ఎక్కడానికీ పోను మిగిలేది టీ తాగి నాలుగు టోటెమ్ స్తంభాలు (అక్కడి ఆదివాసులు చెక్కిన కొయ్య స్తంభాలు) చూసి రావడానికి సరిపోతుంది. విక్టోరియా సాయంత్రపు ఆగుడు చట్టం కోసం పెట్టింది, దాన్ని ఒక ఊరిగా లెక్కలో వేసుకోకండి.

జూనోలో ఎక్కువ గంటలు ఉండాలి. ఊరి నుంచి 12 మైళ్ల దూరంలో మెండెన్‌హాల్ గ్లేసియర్ ఉంది, బస్సులో వెళ్లి సరస్సు ఒడ్డున నిలబడి చూడొచ్చు, పక్కనే జలపాతం దాకా నడక దారి ఉంది. తిమింగలాల బోట్ కూడా అక్కడి నుంచే బాగుంటుంది. రెండూ చేయాలంటే కనీసం ఎనిమిది గంటలు ఓడ అక్కడ ఉండాలి. హెలికాప్టర్‌లో గ్లేసియర్ మీద దింపే టూర్ ఉంది, ఖరీదు ఎక్కువ, మబ్బు పడితే రద్దు చేస్తారు, రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారు. ఆరోగ్యం బాగుండి డబ్బు ఉంటే ఈ ఒక్క టూర్ మీద పెట్టండి, మిగతావి వదులుకున్నా పర్వాలేదు.

స్కాగ్‌వేలో 1898లో బంగారం వేటగాళ్ల కాలంలో మొదలుపెట్టి 1900కి పూర్తి చేసిన చిన్న గేజ్ రైలు, వైట్ పాస్ రైల్వే, మోకాళ్లు నొప్పులున్న పెద్దవాళ్లకి కూర్చున్న చోటి నుంచే కొండలన్నీ చూపిస్తుంది. కొన్ని టూర్లు సరిహద్దు దాటి కెనడా యూకాన్‌లోకి వెళ్తాయి, వాటికి మళ్లీ కెనడా వీసా సంగతి ఉంటుంది. సిట్కా ఒకప్పటి రష్యన్ ఊరు, 1867లో అలాస్కాని 72 లక్షల డాలర్లకి రష్యా అమెరికాకి అమ్మేసినప్పుడు అది అక్కడే చేతులు మారింది. జనం తక్కువ, ప్రశాంతంగా ఉంటుంది. ఐసీ స్ట్రెయిట్ పాయింట్ తిమింగలాలకి మంచి చోటు.

నెల

తెలంగాణలో బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి బడి పిల్లలున్న ఇళ్లకి మిగిలేది మే రెండో సగం, జూన్ మొదటి వారం. నిజానికి అది చెడ్డ కాలం కాదు. మే, జూన్ అక్కడ వాన తక్కువ పడే నెలలు, కొండల మీద మంచు ఇంకా తెల్లగా ఉంటుంది, ధరలు జులై కంటే తక్కువ, జూన్‌లో జూనోలో పగలు 18 గంటలు. ఇబ్బందల్లా ఎండికాట్ ఆర్మ్‌లో, హబ్బర్డ్ దగ్గర మంచు దిమ్మలు అడ్డం రావడం. అందుకే మేలో వెళ్లేవాళ్లు గ్లేసియర్ బే ఉన్న రూట్ తీసుకుంటే గ్లేసియర్ తప్పిపోయే భయం తక్కువ.

జులై, ఆగస్టు కాస్త వెచ్చన, తిమింగలాలు బాగా కనిపిస్తాయి, సాల్మన్ చేపలు ఏట్లోకి ఎక్కే కాలం కాబట్టి వాటి కోసం ఎలుగుబంట్లు వస్తాయి. ధర కూడా అప్పుడే ఎక్కువ, ఆగస్టు గడిచేకొద్దీ వాన పెరుగుతుంది. కెచికన్‌లో ఏడాదికి సుమారు 150 అంగుళాల వాన పడుతుంది, మన హైదరాబాద్‌లో పడేదానికి నాలుగైదు రెట్లు. సెప్టెంబర్‌లో చవక, రాత్రి చీకటి పడుతుంది కాబట్టి అదృష్టం ఉంటే ధ్రువకాంతులు కనిపించవచ్చు, కాని సముద్రం ఊపు ఎక్కువ. పెద్దవాళ్లతో వన్ వే వెళ్లేటట్టయితే సెప్టెంబర్ రెండో సగం వద్దు.

ఓడ, గది

ఇంతవరకు వచ్చాక మీ చేతిలో రెండో మూడో రూట్లు మిగులుతాయి. ఇప్పుడు ఓడ చూడండి. పెద్ద ఓడలో పిల్లలకి కాలక్షేపం ఎక్కువ, మధ్యస్థ ఓడలో డెక్ మీద నిలబడటానికి చోటు ఎక్కువ. ఓడ ముందు భాగం డెక్ ప్రయాణికులకి తెరిచి ఉంటుందా అని అడగండి. గ్లేసియర్ రోజు ఆ డెక్ తెరిచే ఓడ ఉంటే దాన్నే ఎంచుకోండి.

బాల్కనీ గది అందరికీ అవసరం లేదు. అమ్మానాన్నలకి తీసుకోండి, చలిలో పైకి కిందికి తిరగక్కర్లేకుండా శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుని చూస్తారు. కుర్రవాళ్లు కిటికీ లేని లోపలి గది తీసుకుని మిగిలిన డబ్బు హెలికాప్టర్‌కో తిమింగలాల బోట్‌కో పెట్టుకోవచ్చు, గ్లేసియర్ రోజు ఎలాగూ డెక్ మీదే ఉంటారు. గ్లేసియర్ ముందు ఓడ తిరుగుతుంది కాబట్టి రెండు వైపులవాళ్లకీ కనిపిస్తుంది. వన్ వేలో పైకి వెళ్తుంటే మాత్రం కుడి వైపు గదికి తీరం కనిపిస్తుంది, కిందికి వస్తుంటే ఎడమ వైపు. కడుపులో తిప్పుతుందనే భయం ఉన్నవాళ్లకి ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో గది అడగండి. బయల్దేరే ముందే డాక్టర్‌ని అడిగి అవోమిన్ లాంటి మాత్రలు రాయించుకోండి.

డబ్బు కట్టే ముందు

కనిపించే ధరకి పన్నులు, రేవు ఫీజులు, రోజుకి మనిషికి ఇంత అని వేసే టిప్పులు కలిపి మొత్తం ఎంతో అడగండి. ఇండియాలో ఏజెంట్ దగ్గర ప్యాకేజీగా కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు, అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, సర్టిఫికెట్ తీసుకోవడం మర్చిపోవద్దు. ఓడలో డాక్టర్ ఫీజు బాగా ఎక్కువ, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకి పాత జబ్బులు కూడా కవర్ అయ్యే ఇన్సూరెన్స్ ఉండాలి.

ఓడ బయల్దేరే రోజే విమానం దిగేలా టికెట్ తీయకండి. శంషాబాద్ నుంచి ఒక కనెక్షన్ ఆలస్యమైతే ఓడ ఆగదు, కనీసం ఒక రోజు ముందు చేరండి. అలాగే రేవుల్లో బయటి ఏజెన్సీ టూర్ చవక కావచ్చు, కాని ఓడవాళ్ల టూర్ ఆలస్యమైతే మీ కోసం ఓడ ఆగుతుంది, బయటి టూర్ అయితే ఆగదు. ఊరికి దూరంగా వెళ్లే టూర్లకి ఓడవాళ్లవే తీసుకోండి.

రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె పెట్టుకోకండి, ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు. శాకాహారం కావాలని బుకింగ్‌లోనే రాయించండి, ఎక్కిన రోజు రాత్రి డైనింగ్ హాల్ మేనేజర్‌ని కలిసి రేపటికి ఇండియన్ వెజ్ కావాలని చెబితే చాలా ఓడల్లో చేసి పెడతారు, వంటవాళ్లలో మనవాళ్లు చాలామంది ఉంటారు. బట్టలు మందపాటి స్వెటర్ ఒకటి కాకుండా సన్నవి రెండు మూడు, పైన వాన ఆగే జాకెట్, మంకీ క్యాప్, గ్లౌజులు. జులైలో కూడా గ్లేసియర్ ముందు గాలి చెవులు కోస్తుంది.

ఇంకొకటి, కాంట్రాక్ట్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది: వాతావరణం బట్టి, మంచు బట్టి కెప్టెన్ గ్లేసియర్‌ని మార్చొచ్చు, ఊరిని వదిలేయొచ్చు, రేవు ఫీజు తప్ప పెద్దగా ఏమీ వెనక్కి రాదు. కాబట్టి ఒకే గ్లేసియర్ ఉన్న రూట్, రెండు గ్లేసియర్లు ఉన్న రూట్ మధ్య ధర తేడా భరించగలిగినంత ఉంటే రెండోది తీసుకోండి. ఒకటే ఉన్నది తీసుకుంటే జూనోలో మెండెన్‌హాల్‌కి వెళ్లడానికి సరిపడా గంటలు ఉన్నాయో లేదో చూసుకుని అప్పుడు కార్డ్ గీకండి.